నూరీ ఎంచుకున్న అక్షరాలు

ఆపెరా చరిత్ర పుస్తకాల్లో అడాల్ఫ్ నూరీ కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పారిస్ ఆపెరాలో పదేళ్ళకి పైగా ప్రధాన టెనర్. 1837లో జిల్బెర్ డ్యూప్రే అనే మరో టెనర్ ఇటలీ నుంచి తిరిగొచ్చి, పైస్థాయి 'సి' స్వరాన్ని పారిస్ అంతకుముందు విననంత బలంగా, నిండు గొంతుతో పాడాడు. నూరీ తట్టుకోలేకపోయాడు. తనూ అలా పాడటం నేర్చుకుందామని ఇటలీ వెళ్ళాడు, కుదరలేదు, 1839లో నేపుల్స్‌లో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. పాతది ఓడింది, కొత్తది గెలిచింది. కథ కంచికి.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. తేదీలన్నీ సరిపోతాయి. కానీ ఎన్నిసార్లు చదివినా ఈ కథ నాకు మింగుడు పడదు. పదహారేళ్ళ రంగస్థల జీవితాన్ని ఒక్క స్వరం పక్కన నిలబెట్టి కొలవడం ఏమిటి? పైగా ఆ కొలబద్దని మనం ఇప్పటికీ అలాగే వాడుతున్నాం. టెనర్ అనగానే మనకి గుర్తొచ్చేది పావరొట్టి. ఆయన్ని 'పైస్థాయి సి-ల రాజు' అన్నారు. 1972లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో డోనిజెట్టి ఆపెరా ఒకదానిలో తొమ్మిది 'సి'లు వరసగా కొట్టాడన్నది ఆయన గురించి అందరూ చెప్పే మొదటి మాట. నాకూ ఆ రికార్డింగు వింటే ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. అయితే ఆ పులకరింతకి ఒక పుట్టినరోజు ఉంది. అంతకుముందు వేరే రకం పులకరింత ఉండేది. దాన్ని బతికించినవాడు నూరీ.

ముందు ఆ స్వరం సంగతి కొంచెం చెప్పుకోవాలి. టెనర్ అంటే మగ గొంతుల్లో పై శ్రుతిది. పియానో మధ్యలో ఉండే 'సి' మీద సరిగ్గా ఒక స్థాయి పైన ఉండే 'సి', టెనర్‌కి దాదాపు హద్దు. ఆ స్వరం పలకాలంటే గొంతులోని స్వరతంత్రులు సెకనుకి సుమారు 520 సార్లు కొట్టుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో టెనర్లు అంత పైకి మామూలు గొంతుతో వెళ్ళేవాళ్ళు కాదు. ఒక మేరకి చేరాక గొంతు మార్చేవారు: తంత్రుల అంచులు మాత్రమే పలచగా కదిలే తల గొంతులోకి, అంటే ఫాల్సెట్టో దగ్గరికి జారిపోయేవారు. ఫాల్సెట్టో అన్న ఇటాలియన్ మాటలోనే 'దొంగ' అన్న అర్థం ఉంది. కానీ అప్పటివాళ్ళు దాన్ని దొంగతనంగా చూడలేదు. కింది గొంతుకీ పై గొంతుకీ మధ్య అతుకు కనబడకుండా దాటడమే నేర్పు. వినేవాడికి ఆ దాటడం తెలియకూడదు. రొస్సీనీ ఆ నేర్పుని నమ్ముకునే రాసేవాడు.

నూరీ ఆ బడిలో పెరిగినవాడు. తండ్రి లూయీ నూరీ కూడా పారిస్ ఆపెరా టెనరే, పక్కన వజ్రాల వ్యాపారం కూడా చేసేవాడు. కొడుక్కి పాట నేర్పింది మాన్యువెల్ గార్సియా. రొస్సీనీ 'సెవిల్ మంగలి'లో అల్మావీవా పాత్ర తొలిసారి పాడిన గార్సియా ఇతనే. 1821లో గ్లక్ ఆపెరాతో అడాల్ఫ్ రంగప్రవేశం చేశాడు, 1826లో తండ్రి స్థానంలోకి వచ్చాడు. ఆ తర్వాత పదేళ్ళలో పారిస్‌లో వచ్చిన పెద్ద ఆపెరాల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రొస్సీనీ ఫ్రెంచి రంగస్థలానికి ఇచ్చిన నాలుగు ఆపెరాల్లోనూ టెనర్ నూరీయే. చివరిది 1829 నాటి 'విలియం టెల్'. ఓబేర్ రాసిన 'పోర్తీచీ మూగపిల్ల'లో జాలరి నాయకుడు మజానియెల్లో, మేయర్‌బీర్ 'రాబర్ట్ ద డెవిల్'లో రాబర్ట్, 'యూగనోలు'లో రావుల్, అలెవీ 'యూదుపిల్ల'లో ఎలెయజార్. అన్నీ తొలిసారి పాడింది అతనే. ఫ్రెంచి గ్రాండ్ ఆపెరా అని మనం అనే ప్రక్రియ మొత్తం ఆ ఒక్క గొంతు చుట్టూ అల్లుకుంది.

ఆ గొంతు ఎలా ఉండేది? ఫోనోగ్రాఫ్ వచ్చింది 1877లో. నూరీ పోయి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. వినే దారి లేదు. సమకాలికులు రాసినవి చదవచ్చు గానీ, గొంతు గురించి రాసే మాటలు మహా అయితే విశేషణాలు. నాకు వాటికంటే స్వరలిపి మీద నమ్మకం ఎక్కువ. నేను సాఫ్ట్‌వేర్ పనిచేసేవాణ్ణి. పాత కోడ్ ఏ యంత్రం కోసం రాశారో, ఆ యంత్రం తుక్కులోకి పోయాక కూడా కోడ్‌ని బట్టి చాలావరకు చెప్పొచ్చు. దేనికి భయపడ్డారో, దేన్ని ధీమాగా వాడుకున్నారో కనబడుతుంది. ఆపెరా స్వరలిపి కూడా అంతే. ఆ రోజుల్లో కంపోజర్ గాల్లో రాసేవాడు కాదు, ఎదురుగా ఉన్న గాయకుణ్ణి చూసి రాసేవాడు.

అలా చూస్తే 'విలియం టెల్'లో ఆర్నాల్డ్ పాత్ర రెండు సాక్ష్యాలు చెబుతుంది. ఒకటి: పైస్థాయిలో నూరీ గొంతు ఎంత తేలికగా తిరిగేదో. రొస్సీనీ ఆ పాత్ర నిండా డజనుకి పైగా 'సి'లు చల్లాడు. వాటిని బల్లగుద్దినట్టు పాడాలని ఆయన అనుకోలేదు. రెండోది నూరీకి అంత అనుకూలం కాదు. నాలుగో అంకంలో ఆర్నాల్డ్ ఒంటరిగా పాడే పెద్ద పాటని నూరీ మొదటి కొన్ని ప్రదర్శనల తర్వాత వదిలేశాడని చెబుతారు. రాత్రంతా పాడాక దాన్ని మోయడం కష్టమైంది. నూరీ మీద ఉన్న అభిమానంతో ఈ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. ఆ పాత్ర అతని కోసమే పుట్టింది, అయినా అతనికి కొంచెం పెద్దది. క్రమంగా ఆ ఆపెరానే ముక్కలు చేసి, ఒక్క రెండో అంకం మాత్రం ఆడించే స్థితి వచ్చింది. 'ఈ రాత్రి మీ టెల్ రెండో అంకం వేస్తున్నాం' అని ఆపెరా డైరెక్టర్ చెబితే, 'మొత్తం అంకమా?' అని రొస్సీనీ అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

అయితే నూరీ విలువ పైస్వరాల్లో లేదు. అతను పాడేవాడు మాత్రమే కాదు, రంగస్థలం మీద ఏం జరగాలో ఆలోచించేవాడు. 1832లో మరీ తాల్యోనీ నాట్యం చేసిన 'లా సిల్ఫీద్', రొమాంటిక్ బాలేకి నాంది అనదగ్గది, దాని కథ అల్లింది నూరీ. 'యూగనోలు' నాలుగో అంకం చివర ప్రేమికులిద్దరూ విడిపోయే యుగళం ఉండాలని పట్టుబట్టింది అతనే అంటారు. బయట నరమేధానికి గంట మోగుతుండగా, వెళ్ళాలా ఉండాలా అని కొట్టుకుపోయే రావుల్. ఆ ఆపెరాలో ఇవాళ్టికీ ఎక్కువమంది గుర్తుపెట్టుకునే ఘట్టం అది. షూబర్ట్ పాటల్ని ఫ్రాన్సుకి పరిచయం చేసినవాళ్ళలో నూరీ ముఖ్యుడు; కొన్నిసార్లు లిస్ట్ పియానో వాయిస్తుంటే పాడాడు. 1830 జూలై విప్లవం రోజుల్లో జనం మధ్య మార్సెయేజ్ పాడినవాడు. సంగీతం కూలీనాలీ జనానికి అందాలని కలలు కన్నవాడు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది 1835 నాటి 'యూదుపిల్ల'. అందులో రెండు టెనర్ పాత్రలున్నాయి: ఒకడు మారువేషంలో వచ్చే రాకుమారుడు, ప్రేమికుడు. రెండోవాడు ఎలెయజార్, వయసు మళ్ళిన యూదు కంసాలి, రాషెల్ అనే అమ్మాయికి పెంపుడు తండ్రి. ముప్ఫై రెండేళ్ళ ప్రధాన టెనర్ ఏ పాత్ర తీసుకుంటాడు? నూరీ ముసలి తండ్రిని ఎంచుకున్నాడు. కథలో ఎలెయజార్ నిజం చెబితే రాషెల్ బతుకుతుంది, ఎందుకంటే ఆమె పుట్టుకతో తన శత్రువైన క్రైస్తవ మతాధికారి బిడ్డ. చెప్పకపోతే ఆమె కూడా తనతో పాటు చచ్చిపోతుంది. పగా ప్రేమా ఒకే మనిషిలో పోట్లాడుకునే ఆ చోట, నాలుగో అంకం చివర, మొదట అనుకున్న బృందగానం బదులు ఎలెయజార్ ఒంటరి పాట పెడదామన్నది నూరీ. అంతటితో ఆగలేదు. ఆ పాట మాటలు తనే రాశాడు. కారణం ఏమిటో కంపోజర్ తమ్ముడు లియోఁ అలెవీ రాసిపెట్టాడు: తన గొంతులో బాగా మోగే, తన గొంతుకి అనువైన అక్షరాలు తనే ఎంచుకోవాలని నూరీ కోరుకున్నాడట.

ఇక్కడ కాస్త ఆగాలి. రికార్డింగు లేని కాలపు గాయకుడు ఒకడు, తన గొంతుకి ఏ అచ్చు ఎక్కడ బాగుంటుందో చూసుకుని ఒక పాటకి అక్షరాలు పేర్చాడు. ఆ గొంతు పోయింది గానీ అక్షరాల వరస అలాగే ఉంది. పాదముద్ర చూసి పాదం ఎంతదో చెప్పినట్టు, ఆ పాటని చూసి నూరీ గొంతు ఆకారం ఊహించవచ్చు. అందులోని నెమ్మదైన భాగం పైస్థాయి 'సి' జోలికే పోదు. గొంతు మధ్యస్థాయిలో నడుస్తూ, మాట మాటనీ పట్టుకుని, ఎక్కాల్సిన చోట మాత్రం ఎక్కి దిగుతుంది. ఇదీ నూరీ తనకి తాను రాసుకున్న పరిచయపత్రం.

ఇప్పుడు డ్యూప్రే. అతను నూరీ కంటే నాలుగేళ్ళు చిన్న, పారిస్‌లోనే పుట్టాడు. మొదట్లో అతనిదీ చిన్న గొంతే, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇటలీ వెళ్ళి, గొంతు రంగు ముదురు చేసి, కంఠాన్ని కిందికి పట్టి పాడే పద్ధతి అలవరచుకున్నాడు. 1831లో లుక్కా పట్టణంలో 'టెల్' ఇటాలియన్‌లో ఆడినప్పుడు ఆ 'సి'ని ఛాతీ గొంతుతో పాడాడు. 1835లో డోనిజెట్టి 'లుచియా'లో ఎడ్గార్డో పాత్ర అతనికోసమే రాశాడు. 1836లో పారిస్ ఆపెరా యాజమాన్యం అతన్ని నూరీతో సమానమైన ప్రధాన టెనర్‌గా తీసుకుంది.

నూరీ రాజీనామా ఇచ్చాడు. 1837 ఏప్రిల్ 1న వీడ్కోలు ప్రదర్శన. డ్యూప్రే 'టెల్'తో పారిస్ రంగస్థలం ఎక్కింది ఏప్రిల్ 17న. పుస్తకాల్లో చదివే 'పోటీ' పారిస్ రంగస్థలం మీద ఎప్పుడూ జరగలేదు. జనం డ్యూప్రేకి జేజేలు కొట్టకముందే నూరీ వెళ్ళిపోయాడు. తీర్పు రాకముందే శిక్ష వేసుకున్నాడు. అతన్ని తరిమింది డ్యూప్రే గొంతు అనడం కంటే, తన గొంతుని ఇక కొత్త కొలబద్దతో కొలుస్తారన్న భయం అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

రొస్సీనీకి ఆ కొత్త 'సి' నచ్చలేదు. పీక కోస్తున్న కోడి అరుపులా ఉందన్నాడని ప్రతీతి. జనానికి మాత్రం పిచ్చెక్కింది. దీన్ని జనం అనాగరికత అని కొట్టిపారేసే పెద్దమనుషులున్నారు, నేను వాళ్ళతో లేను. వాద్యబృందాలు పెద్దవవుతున్నాయి, మైకులు లేవు, మేయర్‌బీర్ ఇత్తడి వాద్యాల మీదుగా గొంతు చివరి వరస దాకా చేరాలి. పైగా ఒక మనిషి ప్రమాదం అంచున నిలబడి గెలవడం చూడటంలో నిజమైన ఉద్వేగం ఉంది. డ్యూప్రే వల్ల 'టెల్' తిరిగి పూర్తి ఆపెరాగా బతికింది కూడా. ఇవన్నీ లాభాలే. నష్టం ఏమిటంటే, అప్పటిదాకా ఒక పాత్రలో వంద పనులకి పడే మార్కులు, అప్పట్నించి ఒక్క పనికి పడటం మొదలయింది.

నూరీ కూడా ఆ లెక్కకి ఒప్పుకున్నాడు. నాకు బాధ కలిగించేది ఇదే. పారిస్ వదిలాక తనదైన దారిలో పాటలు పాడుకుంటూ, నేర్పుకుంటూ, రాసుకుంటూ బతకొచ్చు. పారిస్ కన్సర్వేటరీలో పాఠాలు చెప్పిన అనుభవం ఉంది. అలా చెయ్యకుండా 1838లో నేపుల్స్ వెళ్ళి, డోనిజెట్టి దగ్గర మళ్ళీ విద్యార్థిగా కూర్చున్నాడు. ఫ్రెంచి ముక్కు ధ్వని వదిలించుకోవాలి, గొంతు నిండు చెయ్యాలి. ఇటాలియన్ టెనర్‌గా మళ్ళీ పుట్టాలి. డోనిజెట్టి అతనికోసం 'పోలియూతో' రాశాడు. కోర్నెయ్ నాటకం ఆధారంగా ఆ కథ సూచించింది కూడా నూరీయే. క్రైస్తవ అమరుడి కథని రంగస్థలం మీద చూపించడానికి వీల్లేదని నేపుల్స్ రాజు ఆ ఆపెరాని నిషేధించాడు. ఆ శరత్కాలంలో డోనిజెట్టి పారిస్ వెళ్ళిపోయాడు. నూరీ నేపుల్స్‌లో మిగిలాడు.

నవంబరులో సాన్ కార్లో రంగస్థలం మీద మెర్కదాంతే ఆపెరాతో మొదలుపెట్టాడు. జనం ఆదరించారు. కానీ కొత్త గొంతు వచ్చే క్రమంలో పాత గొంతు చెడింది. తలగొంతులోకి అతుకు తెలియకుండా జారే ఆ నేర్పు, ఇరవై ఏళ్ళ సాధన, తిరిగి రాలేదు. అతని భార్య ఇటలీ వచ్చి విన్నప్పుడు ఆ మార్పుకి దిగులుపడిందని జీవితచరిత్ర రాసిన కిషెరా చెబుతాడు. వెనక్కి వెళ్దామంటే దారి మూసుకుపోయింది. ఆరోగ్యం బాగాలేదు, మనసు అంతకన్నా బాగాలేదు. 1839 మార్చి 7 రాత్రి ఒక సహాయ కచేరీలో పాడాడు. చప్పట్లు పడ్డాయి, అవి జాలితో కొట్టినవని అనుకున్నాడంటారు. మర్నాడు తెల్లవారుజామున తను ఉంటున్న భవనం మీంచి దూకేశాడు.

ఒక్క స్వరం మనిషిని చంపుతుందని నేను నమ్మను. కుంగుబాటుకి ఇన్ని కారణాలని లెక్క కట్టలేం, రెండు వందల ఏళ్ళ దూరం నుంచి అసలే కట్టలేం. 'డ్యూప్రే సి నూరీని చంపింది' అనే వాక్యం వినడానికి బాగుంటుంది కాబట్టే బతికింది. ఆ వాక్యం ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

ఎందుకంటే డ్యూప్రే కథ కూడా అంత విజయగాథ కాదు. అతని గొంతు త్వరగా అరిగింది. పారిస్‌కి వచ్చిన కొన్నేళ్ళకే తరుగు కనిపించసాగింది. పుష్కరకాలం తిరిగేసరికి పెద్ద వేదికల పాట ముగిసినట్టే. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు బతికి, పాఠాలు చెప్పి, గానకళ మీద పుస్తకం, జ్ఞాపకాలు రాసి, 1896లో పోయాడు. బెర్లియోజ్ ఒక పుస్తకంలో టెనర్ ఉదయించి అస్తమించడాన్ని ఖగోళశాస్త్రం ఫక్కీలో వెక్కిరిస్తూ రాశాడు, అది డ్యూప్రే గురించేనంటారు. జనం ఒక్క స్వరం కోసం వచ్చినప్పుడు, ఆ స్వరం తగ్గిన రోజున రావడం మానేస్తారు. కొలబద్ద గెలిచినవాణ్ణి కూడా వదలదు.

నూరీ దేహాన్ని ఫ్రాన్సుకి తెచ్చే దారిలో 1839 ఏప్రిల్‌లో మార్సెయ్ చర్చిలో ప్రార్థన జరిగింది. అప్పుడు ఆ ఊళ్ళో ఉన్న షోపేన్ అక్కడి ఆర్గన్ మీద షూబర్ట్ పాట ఒకటి వాయించాడు. పోయినవాడు ఫ్రాన్సుకి వినిపించిన షూబర్ట్. ఇక మరుసటి ఏడు, 1840 ఏప్రిల్ 10న, నిషేధానికి గురైన 'పోలియూతో' ఫ్రెంచిలోకి మారి 'అమరులు' అన్న పేరుతో పారిస్ ఆపెరాలో తెర లేచింది. నూరీ సూచించిన కథ, నూరీ కోసం పుట్టిన పాత్ర. పాడింది డ్యూప్రే. ఇందులో డ్యూప్రే తప్పేమీ లేదు, ఆపెరా ప్రధాన టెనర్ అతనే కదా. కానీ నవలలో ఎవరైనా ఇలా రాస్తే మరీ కుదిర్చినట్టుందని మనమే విమర్శిస్తాం.

నూరీని వినాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. 1920 సెప్టెంబరులో ఎన్రికో కరూసో 'యూదుపిల్ల' నాలుగో అంకంలోని ఎలెయజార్ పాట రికార్డు చేశాడు. అతని చివరి రికార్డింగుల్లో అదొకటి. ఆ డిసెంబరు 24న మెట్రోపాలిటన్‌లో చివరిసారి వేదిక ఎక్కింది కూడా ఎలెయజార్‌గానే. కరూసో నేపుల్స్‌లో పుట్టినవాడు. అతని నిండు గొంతు, ముదురు రంగు, పైకి వెళ్ళినా పలచబడని బలం, అంతా డ్యూప్రే తెరిచిన దారి. ఆ గొంతు మోస్తున్న మాటలు మాత్రం నూరీవి.

ఆ రికార్డింగు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. గరగర ఉంటుంది, ఓర్చుకోండి. పైస్వరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడకుండా వినండి. అచ్చులు ఎక్కడ తెరుచుకుంటున్నాయో, ఏ అక్షరం మీద గొంతు సుఖంగా నిలబడుతోందో గమనించండి. అక్కడ నిలబడొచ్చని ముందుగా చూసి పెట్టినవాడు ఎనభై అయిదేళ్ళ కిందటి మరో టెనర్.